కాలువ గట్టున కూలి, ఏటిలో బాప్తిస్మం: క్లౌ ఆత్మకథపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

2020 మే నెలలో ఘట్‌కేసర్ రైల్వే స్టేషన్ నుంచి వలస కార్మికులతో శ్రామిక్ ప్రత్యేక రైళ్లు బీహారుకు బయలుదేరాయి. అంతకు ముందు వారాల్లో హైదరాబాదు పరిసరాల్లో పని పోయిన కూలీలకు అన్నం పెట్టినవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు, ఏ మతమూ పాటించనివారూ ఉన్నారు. అటువంటి వేళ ఉప్పల్, నాచారం, ఘట్‌కేసర్ ప్రాంతాల సంఘకాపరికి ఒక చిక్కు ప్రశ్న తప్పనిసరిగా ఎదురవుతుంది. బియ్యం సంచి మీద సంఘం పేరు వేయాలా, వద్దా? పంచే ముందు ప్రార్థన చేయాలా, వద్దా? చేస్తే ప్రలోభపెట్టారని అంటారు. చేయకపోతే, ఎవరి నామమున ఇస్తున్నామో చెప్పడానికి సిగ్గుపడ్డామని మన మనస్సాక్షి అంటుంది.

ఈ ప్రశ్న తెలుగు సంఘానికి కొత్తది కాదు. 1876–78 నాటి మహా కరువులో ఒంగోలు ప్రాంతంలో ఇది మొదటిసారి పెద్ద ఎత్తున తలెత్తింది. దానికి మిషనరీ పక్షం నుంచి వచ్చిన అత్యంత సమగ్రమైన సమాధానం జాన్ ఎవరెట్ క్లౌ ఆత్మకథ ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’. ఆ గ్రంథాన్ని మనం సాధారణంగా ఉజ్జీవ చరిత్రగా చదువుతాం. ఈ వ్యాసం దానిని మానవతా సహాయం గురించిన వాదనగా చదివి, ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలిస్తుంది. మతం, లౌకికత, సేవ అనే మూడింటి మధ్య సంబంధాన్ని ఇచ్చేవాని ఉద్దేశం నుంచి కాక, పుచ్చుకొనేవాని స్వేచ్ఛ నుంచి తూచవలసి ఉంటుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

1. గ్రంథం, దాని వెనుక రెండు గొంతులు

క్లౌ 1836లో న్యూయార్కు రాష్ట్రంలో జన్మించాడు. యౌవనంలో మినెసోటాలో భూముల సర్వే పని నేర్చుకున్నాడు. 1865లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున తెలుగు దేశానికి వచ్చి, 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1910లో మరణించాడు. ఆత్మకథ అచ్చయినది 1914లో. అంటే రచయిత చనిపోయిన నాలుగేళ్లకు. అతడు చెప్పినదానిని రాసి, కూర్చి, గ్రంథరూపం ఇచ్చినది అతని రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ.

ఎమ్మా కేవలం లేఖకురాలు కాదు. స్త్రీల హక్కుల గురించి రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌పై పరిశోధన గ్రంథం వెలువరించిన విదుషి. మాదిగల జీవితంపై 1899లో ప్రత్యేకంగా ఒక పుస్తకం ప్రచురించింది. ‘క్రైస్తవ్యము, సామాజిక సంక్షోభము’ అనే అర్థం గల ప్రసిద్ధ గ్రంథాన్ని 1907లో రాసి, సామాజిక సువార్త ఉద్యమానికి దైవశాస్త్ర పునాది వేసిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె సోదరుడు. కనుక గ్రంథ నామంలోని ‘సామాజిక క్రైస్తవ్యం’ అన్న మాట 1877 నాటి ఒంగోలుది కాదు. అది 1914 నాటి అమెరికా దైవశాస్త్ర చర్చకు చెందినది. కరువు నాటి క్లౌ ఆత్మలను రక్షించడానికి వచ్చిన బాప్టిస్టు. గ్రంథంలోని క్లౌ సమాజాన్ని మార్చడానికి వచ్చిన సంస్కర్త. ఈ రెండు గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయని గుర్తుంచుకొని చదవడం అవసరం. సేవను, సువార్తను ఒకే నూలుపోగుగా పేనిన చోట్ల మనం వింటున్నది ఎవరి గొంతో అడగాలి.

2. కాలువ పని

కరువు వచ్చినప్పుడు మద్రాసు ప్రభుత్వం చేపట్టిన పనుల్లో తీరం వెంబడి సాగే కాలువ ఒకటి. అప్పటి గవర్నరు పేరుమీదుగా దానిని బకింగ్‌హాం కాలువ అంటున్నాం. క్లౌ అందులో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పూర్వం నేర్చిన సర్వే విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. గుడిసెలు వేయించాడు, బావులు తవ్వించాడు, కూలీలను జట్లుగా విభజించాడు. తన బోధకులనే జట్లకు మేస్త్రీలుగా నియమించాడు. శిబిరంలో క్రైస్తవులతో పాటు క్రైస్తవేతరులూ పని చేశారు.

ఈ కాలంలో క్లౌ ఒక నిర్ణయం తీసుకున్నాడు. సహాయం సాగుతున్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వరాదు. 1877 మార్చి నుంచి 1878 జూన్ వరకు సుమారు 15 నెలలు ఆ నియమం అమలైంది. కరువు పనులు ముగిసి, ఇక ఇచ్చేందుకు పని గాని డబ్బు గాని లేదని స్పష్టంగా చెప్పిన తరువాతనే, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద బాప్తిస్మాలు మళ్లీ మొదలయ్యాయి. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీటిలో నిలిచి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు అలసిపోతే మరి ఇద్దరు దిగుతూ వచ్చారు. క్లౌ స్వయంగా ఎవరికీ ఇవ్వలేదు.

గ్రంథం తన వాదనను ఈ 15 నెలల మీద నిలబెట్టింది. కూటి కోసం కోటి విద్యలని లోకం అంటుంది. ఈ ప్రజలు కూటి కోసం రాలేదు అనడానికి ఇంతకంటె రుజువు ఏమి కావాలి అన్నది దాని ధోరణి. ఆ కాలంలో, పోటీ మిషన్ల మధ్య, గణాంకాల కోసం ఎదురు చూసే దాతల మధ్య, ఇటువంటి నిగ్రహం సామాన్యమైనది కాదు. దానికి దక్కవలసిన గౌరవం దక్కాలి. అయితే ఆ నిగ్రహం రుజువు చేసేది ఎంత, చేయనిది ఎంత అన్నది వేరే ప్రశ్న.

3. పదిహేను నెలల గోడలో మూడు సందులు

మొదటిది. ఆపినది బాప్తిస్మాన్ని మాత్రమే, బోధను కాదు. మేస్త్రీలే బోధకులు. పలుగు దింపి కూలీలు సేద తీరే వేళ వారికి వాక్యం వినిపించినవారు, సాయంత్రం వారి మట్టి కొలతను, కూలిని లెక్కవేసినవారు ఒక్కరే. ఆ బోధకులు చెడ్డవారని దీని అర్థం కాదు. తమ కులస్థులను తిట్టకుండా, కొట్టకుండా పని చేయించే మేస్త్రీలు దొరకడమే ఆనాడు పెద్ద ఊరట. కాని కూలి లెక్క రాసే చేయి, వేదం తెరిచే చేయి ఒకటే అయినప్పుడు, వినడం ఇష్టం లేని కూలీ ఆ మాట ఎలా చెప్పగలడు? సంస్కారాన్ని వాయిదా వేయడం వల్ల ఆ అసమానత తొలగదు. గ్రంథం ఈ విషయాన్ని ఆనందంగా వర్ణిస్తుందే తప్ప, ఇందులో సమస్య ఉండవచ్చునని గ్రహించదు.

రెండవది. ఆ కూలి డబ్బు మిషన్‌ది కాదు. కాలువ ప్రభుత్వానిది, ఖజానా ప్రజలది. కాంట్రాక్టరు మిషనరీ. నేటి సేవా సంస్థలు ప్రభుత్వ పథకాలను అమలుచేసే పద్ధతికి ఇది తెలుగునాట తొలి నమూనాల్లో ఒకటి. మట్టి తవ్వి, కొలిచి ఇచ్చి, కూలి పుచ్చుకున్నవాడు భిక్ష పుచ్చుకోలేదు. అతడు ఎవరికీ బాకీ పడలేదు. కాని గ్రంథంలో ఈ కూలి మెల్లగా ‘దొరగారి ఉపకారం’గా మారిపోతుంది. ఉపకారంగా మారిన తరువాతనే కృతజ్ఞత అనే ప్రశ్న, కృతజ్ఞతతో మతం మారారా అనే ప్రశ్న పుడతాయి. అది కూలిగానే ఉండి ఉంటే ఆ ప్రశ్నకే తావు లేదు.

ఇక్కడ మెదక్‌ను పోల్చి చూడవచ్చు. వెస్లియన్ మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ కాలంలో నిర్మించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ మహాదేవాలయం కరువు కూలీలకు అన్నం పెట్టడానికే కట్టారని తెలంగాణలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ మాటలో సానుభూతి ఉంది. అయినా ఒక తేడా ఉంది. కాలువ నీటిపై ఎవరి పడవ అయినా సాగుతుంది. ఆలయం మాత్రం ఒక సంఘానిది. కరువు పనిగా ఏది కట్టించాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్నను మెదక్ కథ మన ముందు ఉంచుతుంది.

మూడవది. 2,222 అన్న సంఖ్య మనకు కంఠస్థం. ఆదివార పాఠశాల పిల్లలకు కూడా తెలుసు. కాలువ తవ్వినవారి పేర్లు ఎన్ని తెలుసు? అమెరికాకు వెళ్లిన నివేదికలో బతికేది సంఖ్యే. సహాయం పొందినవారిని సంఖ్యగా మార్చి దాతకు చూపే అలవాటు ఇక్కడే మొదలైందని అనలేం గాని, ఇక్కడ అది బలంగా వేళ్లూనింది. ఇవాళ బియ్యం సంచి చేతికిస్తూ తీసే ఫొటో దాని వారసత్వమే.

4. పుచ్చుకున్నవారు ఏమి చేశారు?

ఇంతవరకు మనం కూడా గ్రంథం వలెనే ఇచ్చినవాని వైపు నిలబడి మాట్లాడాం. అటు వైపు వెళ్లి చూస్తే చిత్రం మారుతుంది.

ఒంగోలు మాదిగల కదలిక కరువుతో మొదలు కాలేదు. క్లౌ ఒంగోలు వచ్చిన తొలి సంవత్సరాల్లోనే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ గురువు తాళ్లకొండపాడు నుంచి వచ్చి బాప్తిస్మం పొందాడు. అతడు అంతకు ముందే రాజయోగ సంప్రదాయంలో సాధన చేసినవాడు. తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగినవాడు, ఊరూరా బంధుత్వాలు ఉన్నవాడు. సువార్త నడిచింది ఆ బాటల మీద, మాదిగవాడల పెద్దల సంప్రదింపుల మీద. కరువు నాటికే ఒంగోలు సంఘంలో వేలమంది సభ్యులున్నారు. కాబట్టి 1878లో గుండ్లకమ్మ ఒడ్డుకు వచ్చినవారు తిండి కోసం దారి వెతుకుతూ వచ్చినవారు కారు. పదేళ్లుగా వాడల్లో చర్చించుకొని, కరువులో ఎవరు ఎలా ప్రవర్తించారో కళ్లారా చూసి, కుటుంబాలుగా, ఊళ్లుగా తీర్మానించుకొని వచ్చినవారు.

పైగా బాప్తిస్మం వల్ల వారికి ఒరిగినది ఏమిటి? కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. ఈ మూడూ ఊరితో మాదిగకు ఉన్న పాత ఒప్పందాన్ని మూడు చోట్ల తెంచాయి. ఆసామి పిలిచినప్పుడు పనికి రాకపోవడం, పశువు చస్తే వెనుకటి పద్ధతిలో వ్యవహరించకపోవడం, జాతరలో డప్పు కొట్టకపోవడం. వీటికి ఊరు ఇచ్చిన జవాబు కూలి నిలిపివేయడం, నీరు నిరాకరించడం, దొంగతనాల కేసులు బనాయించడం. ప్రలోభం అంటే లాభం చూపడం. ఇక్కడ కళ్లెదుట కనిపించినది నష్టం. ఆ నష్టాన్ని ఎరిగి కూడా నీళ్లలో దిగినవారిని ‘తిండి కోసం మారారు’ అనడం వారి బుద్ధిని అవమానించడమే అవుతుంది.

ఈ అవమానం ఒక వైపు నుంచే రాలేదు. 1930లలో దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య నాయకత్వంలోని సామూహిక మతమార్పిడులను గాంధీజీ విమర్శించినప్పుడు, సేవను మతమార్పిడికి సాధనం చేయరాదన్న ఆయన హెచ్చరికలో సత్యముంది. మనం దానిని వినవలసి ఉంది. కాని హరిజనులకు మతాన్ని బేరీజు వేసి ఎంచుకొనే శక్తి లేదన్న భావన ఆ విమర్శ అడుగున ఉంది. అజరయ్య ప్రతివాదం ప్రధానంగా ఆ భావన మీదనే. తరువాత కాలంలో 1967 ఒరిస్సా చట్టం, 1968 మధ్యప్రదేశ్ చట్టం మతమార్పిడి విషయంలో ప్రలోభాన్ని నేరంగా నిర్వచించినప్పుడు, 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు వాటిని సమర్థించినప్పుడు, అదే భావన చట్టం భాషలోకి చేరింది. పేదవాడికి ఆకలి ఉంటుంది, ఆలోచన ఉండదు అన్నట్లుగా. విచిత్రమేమంటే, దాతకు పంపే నివేదికలో ‘మా సహాయం వల్ల ఇంతమంది మారారు’ అని రాసే సంస్థ కూడా అదే మాట అంటోంది. విరోధులిద్దరూ పేదవాని గురించి ఏకాభిప్రాయంతో ఉన్నారు.

5. ప్రభుత్వం తటస్థమేనా?

మతసంస్థలు సేవలోంచి తప్పుకొని, సహాయాన్ని లౌకిక ప్రభుత్వానికి విడిచిపెడితే ఈ చిక్కులు తీరుతాయని ఒక వాదన ఉంది. కరువు చరిత్ర దానిని కూడా పరీక్షిస్తుంది.

1877 ఆరంభంలో వైస్రాయి ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు కూలీల భత్యాన్ని రోజుకు ఒక పౌను ధాన్యం ప్రాతిపదికకు తగ్గించాడు. కాయకష్టం చేసే శరీరానికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ భత్యం వెనుక ఏ మతగ్రంథమూ లేదు. ఉన్నది ధాన్యం ధరల్లో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదన్న సిద్ధాంతం, ఖజానా పొదుపు. ఆ సిద్ధాంతం కూడా ఒక విశ్వాసం వంటిదే. దాని కోసం మనుషులు బలయ్యారు. కరువు పనుల దగ్గర గుమాస్తాలు, తనిఖీదారులు ఎక్కువగా పై కులాలవారు. కాగితం మీద మత ప్రమేయం లేని సహాయం, నీళ్ల కుండ దగ్గరకు వచ్చేసరికి కులాన్ని అడిగేది.

స్వతంత్ర భారతంలో కూడా తటస్థత సంపూర్ణం కాదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మొదట హిందువులకే ఆ హోదాను పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు వెలుపలే ఉండిపోయారు. మతం మారడానికి సహాయం చూపడం ప్రలోభమైతే, మతం మారినందుకు సహాయం తీసివేయడాన్ని ఏమనాలి? లౌకికవాదాన్ని తిరస్కరించడానికి ఈ ప్రశ్న వేయడం లేదు. లౌకిక రాజ్యం తనకు తాను పెట్టుకున్న కొలబద్ద మీద నిలబడాలని అడగడానికే.

6. స్టూవర్టుపురం: రెండు సేవలు

ఇంతవరకు చూచినదానిని మరొక చోట పరీక్షించవచ్చు. ఒంగోలు కాలువకు సుమారు 35 ఏళ్ల తరువాత, అదే కోస్తాలో, బాపట్ల సమీపాన స్టూవర్టుపురం వెలసింది. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను నిర్బంధంగా స్థిరపరచిన సెటిల్మెంటు అది. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ (రక్షణ సైన్యం) చేపట్టింది.

అక్కడ బడి ఉంది, వైద్యం ఉంది, భూమి ఉంది, ప్రార్థన ఉంది. వీటితోపాటు హాజరు పట్టీ ఉంది, అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటరాదన్న ఆంక్ష ఉంది. మీనా రాధాకృష్ణ తన గ్రంథంలో (2001) చూపినట్లు, ఎరుకలు పూర్వం ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊళ్ల మధ్య వర్తకం చేసిన సంచారులు. రైళ్లు, ఉప్పుపై ప్రభుత్వ విధానం వారి బతుకుతెరువును దెబ్బతీశాయి. తరువాత వారిని పుట్టు నేరస్థులన్నారు. సెటిల్మెంటు వారిని సంస్కరించడంతోపాటు చీరాలలోని పొగాకు కంపెనీకి చవక కూలీలుగా అందించింది. అక్కడి అధికారుల్లో చిత్తశుద్ధి గలవారు ఉండి ఉంటారు, అందులో సందేహం లేదు. అయినా ఒంగోలు కూలీకి ఉన్నది, స్టూవర్టుపురం ఎరుకలకు లేనిది ఒకటి ఉంది: పలుగు కింద పడేసి వెళ్లిపోయే స్వేచ్ఛ. ఆకలి ఆ స్వేచ్ఛను ఎంతగా కుదించినా, కాలువ గట్టు మీద కావలి లేదు. సేవకుడు జైలరు అయిన చోట అతని ప్రార్థన ఎంత నిజమైనదైనా, ఎదుటివాని చెవికి అది ఆజ్ఞగానే వినిపిస్తుంది. మన సంఘ చరిత్రలు స్టూవర్టుపురాన్ని గురించి తక్కువ మాట్లాడటానికి ఇదే కారణమేమో ఆలోచించాలి.

1970లలో అదే ఊరికి మరొక సేవ వచ్చింది. గోరా 1940లో ముదునూరులో స్థాపించి, 1947లో విజయవాడకు మార్చిన నాస్తిక కేంద్రం నుంచి ఆయన కుమారుడు లవణం, కోడలు హేమలత స్టూవర్టుపురంలో సంస్కరణ కార్యక్రమం చేపట్టారు. హేమలత మహాకవి గుర్రం జాషువ కుమార్తె. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, సంఘంలోనూ వెలుపలా కులం చేసిన గాయాలు ఎరిగిన కవి బిడ్డ, దేవుడు లేడనే వేదిక మీద నిలబడి, ఒకప్పుడు క్రైస్తవులు నిర్వహించిన సెటిల్మెంటు బిడ్డల మధ్యకు వెళ్లడం మన దైవశాస్త్రం తీరిగ్గా ధ్యానించదగిన విషయం. వారి చేతిలో హాజరు పట్టీ లేదు. మాట వినమని ఒప్పించడమే ఉంది.

అయితే నాస్తిక సేవకు కూడా అదే పరీక్ష వర్తిస్తుంది. ‘నేరస్థుల సంస్కరణ’ అన్న మాటను అది పాత చట్టం నుంచే అరువు తెచ్చుకుంది. చట్టం 1952లో రద్దయినా ముద్ర పోలేదు. మతాన్ని వదిలిన సేవ కూడా తన ఎదుట ఉన్నవాడిని ‘మారవలసినవాడు’గా చూసే ప్రమాదం ఉంది. మార్పు గమ్యం రక్షణ కావచ్చు, హేతువాదం కావచ్చు, పౌరసత్వం కావచ్చు. ఎవరి మార్పును ఎవరు నిర్ణయిస్తున్నారన్న ప్రశ్న మాత్రం మారదు.

7. వాక్యం వెలుగులో

సువార్తల్లో ప్రభువు చేసిన మేళ్లను ఈ దృష్టితో తిరిగి చదవవలసి ఉంది. లూకా 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు శుద్ధులయ్యారు. తిరిగి వచ్చినవాడు ఒక్కడే, వాడు సమరయుడు. మన ప్రసంగాల్లో ఆ ఒక్కని కృతజ్ఞతనే కొనియాడుతాం. తొమ్మిదిమంది విషయంలో ప్రభువు నొచ్చుకున్నాడు, ప్రశ్నించాడు. కాని వారి శుద్ధిని వెనక్కి తీసుకోలేదు. రాకపోవడానికి వారికి వీలుండే విధంగా ఆ స్వస్థత జరిగింది. వారు యాజకుల వద్దకు దారిలో ఉండగా, ప్రభువు కళ్లెదుట లేనప్పుడు, శుద్ధులయ్యారు.

యోహాను 6వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంది. రొట్టెలు తిని తృప్తి పొందినందునే తనను వెదకుతున్నారని ప్రభువుకు తెలుసు, ఆ మాట వారి ముఖం మీదనే చెప్పాడు. తరువాత బోధ కఠినంగా తోచి అనేకులు వెళ్లిపోయారు. వెళ్లేవారిని ఆపలేదు, తిన్న రొట్టె గుర్తు చేయలేదు. మీరు కూడా వెళ్తారా అని పన్నెండుమందిని అడిగాడు. రొట్టె, బోధ ఒకే చేతి నుంచి వచ్చాయి. కాబట్టి రెండింటినీ వేరు చేయాలన్న నియమం సువార్తల్లో లేదు. కాని వెళ్లిపోయే దారి తెరిచే ఉంది. క్లౌ కట్టిన గోడ కంటె ఇది కష్టమైన నియమం. గోడ కట్టడానికి ఇచ్చేవాని నిగ్రహం చాలు. దారి తెరిచి ఉంచడానికి పుచ్చుకొనేవాని మీద గౌరవం కావాలి.

1994లో రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి రూపొందించిన ప్రవర్తనా నియమావళి కూడా దాదాపు ఇక్కడికే చేరుతుంది. సహాయాన్ని రాజకీయ లేదా మత దృక్పథాన్ని ముందుకు నెట్టడానికి వాడరాదన్నది అందులో మూడవ సూత్రం. ఎక్కువగా ఉదాహరించేది దీనినే. దాతకు ఎంత జవాబుదారులమో సహాయం పొందినవారికి కూడా అంతే అన్నది తొమ్మిదవది. ప్రచారంలో బాధితులను గౌరవం గల మనుషులుగా చూపాలన్నది పదవది. మూడవ సూత్రాన్ని మన మీద ప్రయోగించే లౌకిక సంస్థలు తమ తొమ్మిదవ, పదవ సూత్రాల లెక్క కూడా చెప్పవలసి ఉంది. మనమూ చెప్పాలి.

ముగింపు

క్లౌ ఆత్మకథ తన నాయకుని చిత్తశుద్ధిని నిలబెట్టగలిగింది. కాని చిత్తశుద్ధి ఒక్కటే చాలదని స్టూవర్టుపురం చూపుతుంది. మత ప్రమేయం లేకపోతే చాలునన్న వాదన టెంపుల్ భత్యం ముందు నిలవదు. ఈ మూడు ఉదాహరణల నుంచి సేవను తూచడానికి మూడు ప్రశ్నలు తేలుతాయి. పుచ్చుకొనేవాడు మన మాట వినకుండా మన అన్నం తినగలడా? అతనికి హక్కుగా రావలసినదాన్ని మనం ఉపకారంగా మార్చి ఇస్తున్నామా? మన నివేదికలో అతడు సంఖ్యా, ఫొటోయా, లేక మనల్ని ప్రశ్నించగల మనిషా? ఈ ప్రశ్నలు సంఘానికి, దేవాలయ ట్రస్టుకు, మసీదు కమిటీకి, నాస్తిక సంఘానికి, జిల్లా కలెక్టరు కార్యాలయానికి సమానంగా వర్తిస్తాయి.

ఆరంభంలో చూచిన సంఘకాపరి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. ఎవరి నామమున ఇస్తున్నామో దాచనక్కరలేదు. అడిగినవారికి చెప్పవచ్చు. ప్రార్థన చేసుకోవచ్చు, కాని వరుసలో నిలబడినవారిని ఆపి కాదు. సంచులు ఇచ్చే మనిషి ఆ రోజు బోధించకుండా ఉండటం మంచిది. జాబితా మన వద్ద ఉంటే అది ఏ ప్రాతిపదికన రాశామో వాడలో అందరికీ తెలియాలి. వలస కూలీకి చట్టప్రకారం రావలసిన వేతన బకాయి, రేషను ఉంటే, బియ్యం సంచితో పాటు ఆ సంగతి కూడా చెప్పి, కార్యాలయం దాకా అతనితో నడవాలి. అది సువార్త పరిచర్యకు తక్కువైన పని కాదు.

ఘట్‌కేసర్‌లో ఆ రైళ్లు ఎక్కినవారిలో చాలామంది తమకు అన్నం పెట్టినవారిని మళ్లీ ఎన్నడూ చూసి ఉండరు. వారిని లెక్కించే అవకాశం గాని, మార్చే అవకాశం గాని మనకు లేకపోయింది. ఆ తొమ్మిదిమంది వలెనే వారు వెళ్లిపోయారు. వారికి పెట్టిన అన్నాన్ని మన సంఘాలు ఏ పద్దులో రాసుకుంటాయన్నది చూస్తే, ఒంగోలు కాలువ నుంచి మనం ఏమి నేర్చుకున్నామో తెలుస్తుంది.